వదిన కెమెరా బెల్టు

కెమెరాకు ఎలాంటి బెల్టు మంచిదని నన్నెవరైనా అడిగితే ముందు ఒక సంగతి చెబుతాను. భుజం మీద ఆనే చోట అది వెడల్పుగా ఉండాలి. సన్నగా ఉన్నది ఎంత గట్టిదైనా గంట తిరిగేసరికి కోస్తుంది. తర్వాత, మెడలో వేలాడేసుకునేది కాకుండా ఒంటికి అడ్డంగా వేసుకునేంత పొడుగుండాలి. చీర కట్టుకునేవాళ్ళకైతే ఇంకా కొంచెం చెప్పాలి. ఇవేవీ నాకు కెమెరాలు అమ్మేవాళ్ళు చెప్పినవి కావు. మా వదినా నేనూ బస్సుల్లో, లాంచీల్లో, అడవి దారుల్లో తిరిగి తెలుసుకున్నవి. బెల్టు విషయంలో మేం పొరపాటు పడలేదు. ఇప్పటికీ నాకు బాధ కలిగేది అందుకే కాబోలు.

వదిన అంటే మా ఆయనకు అక్క. వాళ్ళది సత్తుపల్లి దగ్గర ఊరు. తాతల కాలంలో కోస్తా నుంచి వచ్చి పొలాలు కొనుక్కుని స్థిరపడిన కుటుంబం. పెళ్ళయిన కొద్దికాలానికే భర్త పోతే పుట్టింట్లో కూర్చోకుండా ట్రైనింగు చేసి, భద్రాచలంలో ఆడపిల్లల బడిలో సైన్సు టీచరుగా చేరింది. గోదావరి వైపు పల్లపు వీధిలో రెండు గదుల వాటా కిరాయికి తీసుకుని ఒక్కతే ఉండేది. ఎనభైల మొదట్లో నేను ఆ ఇంటి కోడలినయ్యేసరికి ఆమెకు నలభై దగ్గర పడుతున్నాయి.

మా ఆయన పాల్వంచ థర్మల్ స్టేషన్‌లో ఆపరేటరు. కాలనీలో క్వార్టరు ఇచ్చారు. రాత్రి షిఫ్టు చేసి వచ్చినరోజు ఆయన పగలంతా కిటికీలకు దుప్పట్లు కట్టుకుని పడుకునేవాడు. నేనేమో జూలూరుపాడు దగ్గర సేద్యం ఇంట్లో, పొద్దున లేస్తే పొలాల్లో తిరిగి పెరిగినదాన్ని. గిన్నె చప్పుడు కాకుండా ఆ ఇంట్లో మసలడం నాకు చేతయ్యేది కాదు. ఆయన నిద్రపోగానే బస్సెక్కి వదిన దగ్గరికి వెళ్ళిపోయేదాన్ని.

కెమెరాను ఆమె మా కాలనీలోనే కొన్నది. బదిలీ మీద వెళ్ళిపోతున్న ఒక ఇంజనీరు సామానంతా అమ్ముకుంటుంటే, మంచాలూ బీరువాలూ చూడటానికి వెళ్ళిన వదిన కెమెరా పట్టుకుని వచ్చింది. జపాన్‌ది. చేతిలోకి తీసుకుంటే ఇనుప ముద్దలా ఉండేది.

మా అత్తగారు చూసి, "ఆడదానివి, మెళ్ళో ఈ డబ్బా ఏందే?" అని అడిగింది.

"ఊళ్ళు చూడాలని ఉందమ్మా," అంది వదిన.

"చూడు. చూడటానికి కళ్ళున్నయ్ కదా."

వదిన నవ్వింది. ఆ వారమే మేమిద్దరం దుమ్ముగూడెం వైపు సంతకు బయల్దేరాం.

కెమెరాతోపాటు వచ్చింది సన్నటి నల్ల రెగ్జిను బెల్టు. బస్సులో నిలబడే జాగా దొరకడమే గొప్ప. వదిన ఒక చేత్తో పైన కడ్డీ పట్టుకుని, ఇంకో చేత్తో కెమెరాను పొట్టకు అదుముకుని నిలుచుంది. బస్సు గుంతలో పడ్డప్పుడల్లా అది ఎగిరి సీటు కడ్డీకి కొట్టుకునేది. కండక్టరు వచ్చి, "అమ్మా, ఆ డబ్బా ఎవరికన్న తాకుతది, ఒళ్ళె పెట్టుకొని కూసో," అన్నాడు.

"కూర్చోవడానికి సీటు చూపించు, పెట్టుకుంటాను," అంది వదిన.

దిగి చూసుకుంటే ఆమె మెడ చుట్టూ ఎర్రటి గీత పడింది. బెల్టు కింద పైట ముడతలు పడి ఒక పక్కకు జారిపోయింది. కాసేపు నేను వేసుకుంటానని తీసుకున్నాను. నా మెడలో పుస్తెలతాడూ నల్లపూసలూ దానితో మెలికపడి, విడదీసుకోవడానికి సంత మధ్యలో ఇద్దరం పది నిమిషాలు నిలబడ్డాం. ఇవి చొక్కాలు వేసుకునే మగవాళ్ళ కోసం చేసినవి పిల్లా అంది వదిన.

భద్రాచలంలో చెప్పులు కుట్టే ఆయన దగ్గర తోలు బెల్టు చేయించాం. వెడల్పు బాగానే ఉంది. కానీ మొదటి వానలో తడవగానే రంగు దిగి, వదిన తెల్లచీర మీద భుజం నుంచి నడుము దాకా గోధుమరంగు చార పడింది. ఎన్ని ఉతుకులు ఉతికినా పోలేదు. ఆ చీరతోనే ఆమె బడికి వెళ్ళేది. పిల్లలు ఏమీ అడిగేవాళ్ళు కాదట. ఆ తర్వాత పనిమీద ఖమ్మం వెళ్ళినప్పుడు ఒక స్టూడియోలో అడిగాం. షాపాయన, "మగోళ్ళు మెడల ఏసుకుంటరమ్మా, ఆడోళ్ళకెట్లనో నాకు తెల్వది," అని నైలాను బెల్టు ఒకటి ఇచ్చాడు. అది తేలిక. ఒరుసుకోదు, రంగు పోదు. సిల్కు జాకెట్టు మీద మాత్రం పాములా జారేది.

ఒకరోజు లాంచీ దిగుతున్నాం. ఒడ్డుకు పలక వేశారు. వదిన ముందు నడుస్తోంది, వెనక నేను. పలక మధ్యలోకి వచ్చేసరికి బెల్టు ఆమె భుజం మీంచి జారింది. కెమెరా నీళ్ళలోకి పోవలసిందే. నేను ఏం ఆలోచించకుండా చెయ్యి చాపితే బెల్టు కొస నా వేళ్ళకు దొరికింది. వదిన ఒడ్డుకు వచ్చి ఇసుకలో కూలబడింది.

"పోతే పోయేది వదినా. మనం పడలే, నయం," అన్నాను.

"కెమెరా కాదే. లోపల రీలుంది," అంది.

ఆ మాట నేను అప్పుడు పెద్దగా పట్టించుకోలేదు. గట్టి బెల్టు ఒకటి సంపాదించాలని మాత్రం పట్టుదల పుట్టింది.

అది మా పుట్టింట్లో దొరికింది. వేసవిలో వెళితే మా నాన్న వాకిట్లో పాత మంచానికి కొత్త నవారు అల్లుతున్నాడు. నాలుగు వేళ్ళ వెడల్పు నూలు పట్టీ. మనుషుల్ని మోసేది. కొస ఒకటి తీసి భుజం మీద వేసుకుని చూశాను. ఒరుసుకోలేదు, జారలేదు. మిగిలిన ముక్క అడిగి తెచ్చుకున్నాను.

పాల్వంచలో నా కుట్టుమిషన్ మీద ఆ బెల్టు కుట్టాను. భుజం మీద ఆనే చోట పాత జాకెట్టు గుడ్డ నాలుగు మడతలు వేసి కింద మెత్త పెట్టాను. రెండు కొసలకూ తాళంచేతుల రింగులు తొడిగి వాటిని కెమెరా కొక్కేలకు తగిలించాం. పొడుగు తగ్గించుకోవడానికి చిరిగిన బడి సంచి బకిలు ఒకటి పనికొచ్చింది. వేసుకునే తీరు వదిన కనిపెట్టింది. బెల్టు కుడి భుజం మీద నుంచి పైట కింద అడ్డంగా వచ్చి, కెమెరా ఎడమ నడుము దగ్గర ఆగాలి. పైన పైట కప్పేస్తుంది. చూసేవాళ్ళకు కెమెరా ఉన్నట్టే తెలియదు, రెండు చేతులూ ఖాళీగా ఉంటాయి. కావాలన్నప్పుడు పైట కింద నుంచి పైకి లాక్కుంటే చాలు.

కుట్లు ఆగుతాయో లేదో చూద్దామని ఆ బెల్టుకు నిండు బకెట్టు కట్టి వంటింటి గుమ్మానికి వేలాడదీశాం. డ్యూటీ దిగి వచ్చిన మా ఆయన చూసుకోక మోకాలు కొట్టుకున్నాడు.

"ఏందిది? ఇంట్ల ఏం నడుస్తుంది?" అన్నాడు కాలు రుద్దుకుంటూ.

"బెల్టు పరీక్షరా," అంది వాళ్ళక్క.

"పాసైందా?"

"సాయంత్రం దాకా ఆగు."

సాయంత్రం దాకా బకెట్టు అలాగే ఉంది.

ఆ తర్వాతి రోజులే నా కాపురంలోకెల్లా మంచి రోజులని చెబితే మా ఆయన ఏమనుకునేవాడో గాని, నాకు అలాగే అనిపిస్తుంది. చర్ల వైపు, మణుగూరు వైపు, వదిన బడిలో చదివే పిల్లల ఊళ్ళన్నీ తిరిగాం. హాస్టలు పిల్లలు సెలవులకు ఇళ్ళకు పోతుంటే వాళ్ళతోపాటే బస్సెక్కి, దిగిన చోటు నుంచి నడిచి వెళ్ళేవాళ్ళం. నాకు పాప పుట్టాక కూడా ఆగలేదు. పాపను నేను ఎత్తుకునేదాన్ని, కెమెరాను వదిన మోసేది.

ఒక గూడెంలో ఒక పిల్ల వాళ్ళ అవ్వ దగ్గరికి తీసుకుపోయింది. ఆ ముసలామెకు తెలుగు రాదు. వదిన పైట కింద నుంచి కెమెరా తీస్తుంటే ఆమె లేచి వచ్చి బెల్టును పట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, వాళ్ళ భాషలో ఏదో అంది. చుట్టూ ఉన్నవాళ్ళంతా ఒక్కసారి నవ్వారు.

"ఏమంటుందే?" అని వదిన ఆ పిల్లను అడిగింది.

పిల్ల సిగ్గుపడి, "టీచరమ్మ మంచాన్ని మెడల ఏసుకొని తిరుగుతుంది, ఏడ నిద్రొస్తె ఆడ పండుకుంటదా అంటుంది మేడం," అని చెప్పింది.

వదిన కూడా నవ్వింది. ఆ నవ్వుల్లోనే ముసలామె ఫొటో తీసింది. తర్వాతిసారి వెళ్ళినప్పుడు కాపీ పట్టుకెళ్ళి ఇచ్చింది. ఆమె పద్ధతే అంత. రీలు కొత్తగూడెంలో కడిగించి, ఎవరి ఫొటో వాళ్ళకు ఒక్కో కాపీ వేయించి ఇచ్చేసేది. తన దగ్గర నెగెటివులే ఉంచుకునేది. కాగితం కవర్లలో పెట్టి, మీద ఊరి పేరు రాసి, ట్రంకుపెట్టెలో సర్దేది. మీకు కూడా ఒక కాపీ వేయించుకోండి వదినా అంటే, "నెగెటివ్ ఉంటే ఎప్పుడైనా కడిగించుకోవచ్చు. రిటైరయ్యాక కూర్చుని అన్నీ ఒకేసారి వేయించుకుంటా," అనేది.

గోదావరికి పెద్ద వరద వచ్చిన ఏడు పాపకు మూడేళ్ళు. పాపను తీసుకుని నాలుగు రోజులుండి వద్దామని వదిన దగ్గరికి వెళ్ళాను. శ్రావణం వానలు. రెండోరోజు పొద్దున బస్సులు ఆగిపోయాయన్నారు. గోదావరి ఎక్కుతోంది, పల్లపు వీధులవాళ్ళు ఇళ్ళు ఖాళీ చేయండని మైకులో చెబుతూ రిక్షా ఒకటి తిరిగింది.

ఇంటి యజమానురాలు పెద్దావిడ. "నేను కాపురానికి వచ్చినకాడ్నుంచి చూస్తున్న. ఎంతొచ్చినా అరుగు దాటలే. సామాన్లు అటక మీద పెట్టుకోండి, చాలు," అంది. వీధిలో అందరూ అదే చేస్తున్నారు. మేమూ బియ్యం డబ్బా, పరుపులు, వదిన పుస్తకాలు పైకి చేర్చాం. అన్నిటికంటే పైన, ఇంటి కప్పుకు ఆనేటట్టు, ట్రంకుపెట్టె పెట్టాం. అంతకంటే భద్రమైన చోటు ఆ ఇంట్లో లేదు.

మధ్యాహ్నానికి నీళ్ళు గుమ్మంలోకి వచ్చాయి. వదిన బెల్టును భుజాన వేసుకుని, బకిలు లాగి పొడుగు తగ్గించి, కెమెరాను పైట కింద ఛాతీ మీదికి బిగించుకుంది. పాపను కుడిపక్క చంకనెత్తుకుంది. ఎడమ చేత్తో, వీధిలో మగవాళ్ళు కట్టిన మోకు పట్టుకుంది. నేను బట్టల మూట నెత్తిన పెట్టుకుని వెనకే నడిచాను. నీళ్ళు నడుము దాకా ఉన్నాయి. ఒకచోట ఆమె కాలు జారి పక్కకు ఒరిగిపోయింది గాని పాపను వదల్లేదు, మోకు వదల్లేదు. కెమెరా ఉన్నచోటనే ఉంది. మిట్ట మీద ఉన్న ఆమె బడికే చేరుకున్నాం. తరగతి గదుల నిండా జనం. బల్ల మీద కూర్చుని ముందు పాపను తుడిచి, తర్వాత కెమెరా తీసి చూసింది. ఒక్క చుక్క తగల్లేదు.

"చూశావా, నీ బెల్టు," అంది.

నాకు ఎంత గర్వంగా అనిపించిందో చెప్పలేను.

మర్నాడు బడి డాబా ఎక్కి చూస్తే మా వీధి లేదు. ఎర్రటి నీళ్ళలో ఇళ్ళ కప్పులు అక్కడక్కడ కనిపించాయి. మా ఇల్లు ఎక్కడుందో పోల్చుకోవడానికే చాలాసేపు పట్టింది. వదిన చూసి, మెట్లు దిగి పాప దగ్గరికి వెళ్ళింది. కెమెరా పక్కనే ఉన్నా ఆ రోజుల్లో ఒక్క ఫొటో తీయలేదు. ఎవరో అడిగితే, "ఇప్పుడు వీళ్ళ ముఖాలు ఏం తీస్తాం," అంది.

నీళ్ళు తీశాక వెళ్ళాం. ఇంట్లో మోకాలి లోతు ఒండ్రు. అటక మీద కూడా మట్టి మేట వేసింది. ట్రంకుపెట్టె పడిపోలేదు, పెట్టిన చోటనే ఉంది. మూత తెరిస్తే లోపల బురద పేరుకుని ఉంది. కవర్లు మెత్తబడి, నెగెటివులు ఒకదానికొకటి అంటుకుని తమలపాకుల కట్టలా అయిపోయాయి. వాటిని అలాగే పాల్వంచ తీసుకొచ్చి, వరండాలో బేసిన్లలో నీళ్ళు పోసి, ఒక్కొక్కటే విడదీశాం. వేలు తగిలితే చాలు, పాల మీద మీగడలా పైపొర లేచి వచ్చేది. బేసిన్‌లో నీళ్ళు నల్లగా మారాయి. ఊళ్ళూ, సంతలూ, హాస్టలు పిల్లలూ ఆ నీళ్ళలో కలిసిపోయారు. మిగిలినవి పట్టుకుని కొత్తగూడెం స్టూడియోకు వెళితే, ఆయన వెలుతురుకు పెట్టి చూసి మెల్లగా కింద పెట్టాడు.

"మేడం, దీంట్ల బొమ్మ లేదు. ఉత్త ప్లాస్టికే మిగిలింది."

పరామర్శకు వచ్చిన చుట్టాలంతా, మనుషులు దక్కారు, కెమెరా కూడా దక్కింది, ఇంకేం కావాలన్నారు. వదిన అందరికీ తలూపింది. నేను నెత్తిన పెట్టుకుని తెచ్చిన మూటలో నాలుగు చీరలూ తువ్వాళ్ళూ ఉన్నాయి. ఆ కవర్లన్నీ కలిపినా అంత బరువుండేవి కావు. కెమెరాను కాపాడే ఉపాయం కోసం ఎంత తిరిగామో, ఫొటోల కోసం ఒక్కపూటైనా ఆలోచించలేదు. వదినతో ఈ మాట ఎన్నడూ అనలేదు. ఆమె కూడా నాతో అనలేదు.

చలికాలంలో, పోయినవి మళ్ళీ తీద్దామంది. మొదట ఆ గూడేనికే వెళ్ళాం. ముసలామె అంతకు ముందు ఎండాకాలంలోనే పోయిందట. వదిన ఇచ్చిన ఫొటో మాత్రం ఉంది. ప్లాస్టిక్ కవరులో పెట్టి ఇంటి చూరు వెదురులో దోపారు. పొయ్యి పొగకు పసుపురంగు తిరిగినా నవ్వు బాగా కనిపిస్తోంది. ఒక్క నాలుగు రోజులు ఇస్తే స్టూడియోలో దాన్ని చూసి ఇంకోటి తీయించుకుని తెచ్చిస్తానని వదిన అడిగింది.

ముసలామె కొడుకు తన పెళ్ళాం ముఖం చూశాడు. ఇద్దరూ వాళ్ళ భాషలో కాసేపు మాట్లాడుకున్నారు. తర్వాత అతను ఫొటో తీసి ఇస్తూ, "తీస్కపో టీచరమ్మా. మళ్ళ తెస్తవు కదా? మాకు ఇదొక్కటే ఉంది," అన్నాడు.

వదిన చేతిలోకి తీసుకుంది. కొంతసేపు చూసి తిరిగి ఇచ్చేసింది.

"వద్దులే. నా దగ్గర ఉన్నవే ఉంచుకోలేకపోయాను. ఇది మీ దగ్గరే ఉండనీ."

ఫొటోను వాకిట్లో అరుగు మీద పెట్టించి, దానికే ఫొటో తీసింది. ఆ కెమెరా మరీ దగ్గరి వస్తువును పట్టదని ఆమెకు తెలుసు. కడిగించి చూస్తే, మధ్యలో చిన్న మసక చతురస్రం, పక్కన వదిన నీడ పడ్డాయి. ఇంకో రెండు ఊళ్ళకు కూడా వెళ్ళాం. మేం తీసిన పిల్లల్లో కొందరికి పెళ్ళిళ్ళయ్యాయి. కొందరు వేరే ఊళ్ళకు కూలికి పోయారు. ఉన్నవాళ్ళు పెద్దవాళ్ళయి, కెమెరా ముందు బిగుసుకుని నిలబడ్డారు.

ఆ తర్వాత వదిన ప్రయాణాలకు కెమెరా తేవడం మానేసింది. అడిగితే భుజం నొప్పిగా ఉందనేది. ఆ బెల్టుతో ఆమెకు భుజం నొప్పి ఎన్నడూ రాలేదని నాకు తెలుసు. తెలిసీ, "అవ్ వదినా, బరువుంటది," అని ఊరుకునేదాన్ని. ఇంకొక్కసారి గట్టిగా అడిగి ఉంటే బాగుండేదేమో. కొన్నేళ్ళకు మధిర వైపు బదిలీ అయింది. రిటైరు కావడానికి ఇంకా కొంతకాలం ఉండగానే గుండె జబ్బుతో పోయింది.

ఆమె పోయిన రెండేళ్ళకేమో, ఒక మధ్యాహ్నం మా క్వార్టరుకు ఒకామె వచ్చింది. మణుగూరు దవాఖానాలో నర్సునని, వదిన దగ్గర చదువుకున్నానని చెప్పింది. లోపలికి రమ్మని చాయ్ పెట్టాను.

"మేడం మా అందరివి ఫొటోలు దించిందమ్మా. హాస్టలు మెట్ల మీద కూసోబెట్టి. నా పక్కనే మా చిన్నమ్మ బిడ్డ కూసుంది. కాన్పుల పోయిందమ్మా అది. దాని బిడ్డ ఇప్పుడు బడికి పోతుంది. మా అమ్మ ఎట్లుండేది అని నన్నే అడుగుతది. ఇంట్ల ఒక్క ఫొటో లేదు. మాకిచ్చిన కాపీ ఎవరి చేతుల పోయిందో ఏమో. మీ దగ్గరుంటదని వచ్చిన."

వరద సంగతి చెప్పాను. అటక సంగతీ, బేసిన్ల సంగతీ అన్నీ చెప్పాను. ఆమె గ్లాసు కింద పెట్టి, "పోనియ్యిండమ్మా. మీరేం చేస్తరు," అంది.

"ఎట్లుండేది ఆ అమ్మాయి?" అని అడిగాను.

"నాకన్న కొంచెం నలుపు. ముందు పళ్ళు కొంచెం ఎత్తు. ఫొటో దించేటప్పుడు మూతి మూసుకునేది. మేడం, నవ్వవే అని కోప్పడ్డది."

"నవ్విందా?"

"అది గుర్తులేదమ్మా," అంది.

బస్టాపు దాకా వెంట వెళ్ళాను. షిఫ్టు మారే వేళ కావడంతో బస్సులన్నీ నిండుగా వస్తున్నాయి. రెండు పోయాక మూడో దాంట్లో ఆమెకు నిలబడే చోటు దొరికింది. మళ్ళీ రమ్మన్నాను. వస్తానంది.